కుడి మూల గడి

ముప్ఫై ఏడో బొమ్మ చూడగానే నూకరత్నం గారి కోపం తొంభై ఒకటి దగ్గర ఆగింది. నూటికి తొంభై ఒకటి! మామూలు మనిషికి నెత్తి మీద ఇంటికప్పు ఎగిరిపోయినా అరవై దాటదు.

"ఇది సర్క్యూట్ బొమ్మా, జంతికల వాయా?" అందావిడ, తలకి బిగించిన పట్టీ కింద గోక్కుంటూ. "ఈ తీగ ఎక్కడికి పోతుందో చూద్దామని పట్టుకుంటే ఊరంతా తిప్పి మళ్లీ బయల్దేరిన గుమ్మంలోనే దింపింది. దీన్ని గీసినవాణ్ణి ఆ తీగతోనే కట్టేసి..."

"గీసింది మెషిన్ అండి. మెషిన్‌ని తిట్టండి. ఎంత తిడితే అంత నేర్చుకుంటుంది," అన్నాడు డాక్టర్ ఆకొండి ఇందీవర్, పళ్లు కనపడకుండా నవ్వుతూ.

"దాన్ని కన్నది నువ్వేగా. కన్నవాళ్లని వదిలేసి పిల్లల్ని తిట్టడం మా వీధిలో అలవాటు లేదు."

గోడ మీద మీటర్ తొంభై మూడు చూపించింది.

ఇది కొత్త కోరంగి నగరం. సముద్రం ఊళ్లోకి నడిచి వచ్చేశాక, దాన్ని ఆపడానికి కట్టిన గోడ వెనక పుట్టిన ఊరు. గోడ ఎంత ఎత్తంటే, పైనుంచి ఎవడైనా ఉమ్మితే అది కిందపడేలోపు వాడు పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కనొచ్చు. అంత గోడకీ చెమట పడుతుంది. రాత్రనకా పగలనకా సముద్రం సందుల్లోంచి ఊరుతూనే ఉంటుంది. ఆ ఊటని పదకొండు పంపులు తోడి మళ్లీ సముద్రం మొహానే కొడతాయి. పదకొండింటిలో ఏడో నంబరు పంపు వలకట్టు వీధిని కాపాడుతుంది. అక్కడ రెండు వందల నలభై గడపలున్నాయి. అందులో మూడో గడప కర్రి నూకరత్నం గారిది.

ఆ ఏడో నంబరు పంపు మూడు రోజుల కిందట మొండికేసింది. మోటారు బాగానే ఉంది. మోటారుకి ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే కంట్రోలర్ పాడైంది. అది అరచేతి మందాన, గాజులాంటి జిగురులో పోతపోసిన దిమ్మ. లోపల మూడు వందల పన్నెండు భాగాలు, వాటి నంబర్లతో సహా, సీసాలో చేపల్లా కనబడుతూ ఉంటాయి. వాటిని కలిపే తీగలు మాత్రం పదహారు పొరల కింద దాక్కున్నాయి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతబడింది. మూతబడేటప్పుడు తాళాలు వదిలేసి, బొమ్మలు పట్టుకుపోయింది.

బొమ్మ లేకపోతే ఏమైందంటారా? సర్క్యూట్ బోర్డు ఒక ఊరనుకోండి. స్కీమాటిక్ అనే బొమ్మ ఆ ఊరి చుట్టరికాల పటం. ఎవరిల్లు ఎక్కడుందో అది చెప్పదు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి మాట ఎవరు వింటారో, ఎవరు అలిగితే ఏ పొయ్యి వెలగదో చెబుతుంది. అది చేతిలో లేకుండా రిపేరుకు దిగిన మెకానిక్ పెళ్లిలో తప్పిపోయిన పసివాడితో సమానం. అందరూ కనబడతారు, తనవాళ్లెవరో తెలీదు.

ఇందీవర్ కనిపెట్టిన మెషిన్ పేరు 'లోచూపు'. బీరువాలో సగం ఉంటుంది. ఎలాంటి బోర్డునైనా దాని కడుపులో పెడితే పదహారు పొరల్నీ ఉల్లిపాయలా చూసేసి, ఏ భాగం దేనికి కలిసిందో నిమిషంలో గీసేస్తుంది. ఒక్క తప్పుండదు. ఒక్క ముక్కా అర్థం కాదు. నిజం చెప్పడం ఒక విద్య, అవతలివాడికి తెలిసేలా చెప్పడం ఇంకో విద్య. మెషిన్‌కి మొదటిదే వచ్చు.

రెండోది నేర్పడానికి ఇందీవర్ ఈ పట్టీ తయారుచేశాడు. చదివే మనిషి నుదుటికి దాన్ని కట్టి, కళ్లకి జోడు పెడతారు. బొమ్మ ఆ కళ్లజోడు లోపల మాత్రమే కనబడుతుంది. దొంగలు ఎత్తుకుపోకుండా ఇందీవర్ పెట్టుకున్న జాగ్రత్త. చదువుతుంటే మనిషికి ఎంత విసుగు, ఎంత కోపం వస్తోందో పట్టీ కొలుస్తుంది. కోపం తగ్గేదాకా మెషిన్ చెరిపి, మార్చి, మళ్లీ గీస్తుంది. అయిదుకి లోపల పది సెకన్లు నిలబడితేనే కాగితం మీద అచ్చు వేస్తుంది.

"చదవలేని బొమ్మని నా మెషిన్ గడప దాటనివ్వదు," అని ఇందీవర్ ఊరంతా చెప్పుకున్నాడు.

ఇక చదివే మనిషి కావాలి. సామాన్యమైన కోపం చాలదు, బొమ్మ తెలిసిన కోపం కావాలి. నూకరత్నం గారు పంపుల బోర్డు ఆఫీసులో, డ్రాయింగ్ సెక్షన్‌లో ముప్ఫై నాలుగేళ్లు సర్క్యూట్లు గీశారు. ఆవిడ బొమ్మ చూస్తే, కరెంటు దానంతటదే సిగ్గుపడి దారిలో నడిచేదట. అక్షరమ్ముక్క రాని కాపలావాడు కూడా ఆవిడ బొమ్మ పట్టుకుని పంపు బాగుచేశాడని బోర్డులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయితే ఆవిడ ఇందీవర్ మొహం చూసి పన్నెండేళ్లయింది. చూడకూడదనే ఒట్టు కూడా ఉంది.

కారణం చిన్నది. గడి అంత చిన్నది. ప్రతి సర్క్యూట్ బొమ్మకీ కింద కుడి మూల ఒక పట్టిక ఉంటుంది. బొమ్మ పేరు, తేదీ, ఎన్నోసారి మార్చారు, ఎవరు ఆమోదించారు. వాటి కింద 'గీసినవారు' అని ఒక గడి. ఆ సెక్షన్‌లో ఆచారం ఏమిటంటే, మిగతా గడులన్నీ ఎవరైనా నింపొచ్చు కానీ ఆ గడి మాత్రం గీసిన చెయ్యే నింపాలి, అదీ అన్నిటికంటే చివర. ఆ సంతకం పడ్డాక పొరపాటు దొరికితే అర్ధరాత్రయినా తలుపు కొట్టొచ్చు. ముప్ఫై నాలుగేళ్లలో పదకొండు వందల బొమ్మల మీద 'క. నూకరత్నం' అని ఆవిడ సిరాతో రాసుకుంది. ఇందీవర్ కొత్త ఆఫీసరుగా వచ్చి, వాటినన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఎక్కాక చూస్తే పదకొండు వందల గడుల్లోనూ ఉన్న పేరు: ఆకొండి ఇందీవర్.

"లాగిన్ అయినవాడి పేరు సాఫ్ట్‌వేర్ దానంతటదే వేసేసిందండి," అన్నాడు అప్పట్లో. సరే, తియ్యమంటే తియ్యలేదు. ఒరిజినల్స్ ఏవంటే చెదలు పట్టాయన్నాడు. ఆ పదకొండు వందల బొమ్మలు చూపించుకుని డాక్టరయ్యాడు, లాబొరేటరీ కట్టుకున్నాడు. లోచూపు పుట్టగానే పసిపిల్లకి పాలు పట్టినట్టు దానికి ఆ బొమ్మలే పట్టించాడు. మెషిన్ గుర్తులు నేర్చుకుంది. పొందిక నేర్చుకోలేదు.

మరి నూకరత్నం గారు ఎందుకొచ్చారు? ఆ రోజు అమావాస్య. సాయంత్రం నాలుగూ పదికి పెద్ద పోటు. అప్పటికి ఏడో పంపు లేవకపోతే వలకట్టు వీధిలోకి నడుం లోతు ఉప్పునీళ్లొస్తాయి.

ఆవిణ్ణి బతిమాలి తీసుకొచ్చిన మెకానిక్ పినపోతు దుర్గారావు, ఆ వీధివాడే, సామాన్ల సంచీ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"పిన్నీ, మనసులో ఏం పెట్టుకోకుండా తిట్టెయ్ పిన్నీ," అన్నాడు. "తొందరగా నేర్చుకుంటది."

"మనసులో పెట్టుకోవడానికి ఖాళీ ఏదిరా, పన్నెండేళ్లుగా నిండిపోయుంటే." ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "ఇదిగో, ఓ పెట్టె! విను. నువ్వు తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతావా, కుడి నుంచి ఎడమకా? సిగ్నల్ కూడా అంతే. ఎడమ నుంచి రావాలి, కుడికి పోవాలి. నువ్వేమో కిందనుంచి తెచ్చి నడినెత్తిన దింపుతున్నావు."

మెషిన్ గుర్రుమంది. చెరిపింది. గీసింది. ఎనభై నాలుగు.

"పవర్ పైన, గ్రౌండ్ కింద. నీళ్లు పల్లానికి పడతాయని చంటిపిల్లకి కూడా తెలుసు. పన్నెండు వోల్టుల్ని తీసుకెళ్లి నేలలో పాతిపెడితే చదివేవాడు తలకిందులుగా వేలాడాలా, ఏవయ్యా డాక్టరూ?"

"సాంకేతికంగా ఎటు గీసినా ఒకటేనండి," అన్నాడు ఇందీవర్.

"సాంకేతికంగా చొక్కా కాళ్లకి కూడా తొడుక్కోవచ్చు. తొడుక్కుని రా, చూస్తాం."

దుర్గారావు నవ్వు ఆపుకోబోయి తుమ్మాడు. డెబ్భై తొమ్మిది.

అలా సాగింది. చిప్‌కి కాపలాగా ఉండే కెపాసిటర్లన్నిటినీ మెషిన్ తీసుకెళ్లి ఓ మూలన కుప్పపోసింది. "ఎవరి కాపలావాణ్ణి వాళ్ల గుమ్మంలో నిలబెట్టు," అంది ఆవిడ. ఒకే తీగని కాగితం ఈ చివర నుంచి ఆ చివరకి పాములా లాగింది. "రెండు చివర్లా ఒకే పేరు రాసి వదిలెయ్. అన్నదమ్ములు వేరే ఊళ్లలో ఉన్నా ఇంటిపేరు చూసి తెలుసుకోమా? మధ్యలో తాడు కట్టాలా?" అంది.

నాలుగు తీగలు ఒకచోట కలిసి చుక్క పెట్టినప్పుడు మాత్రం ఆవిడ కేక వలకట్టు వీధిలో వినబడిందంటారు. అక్కడ ఎండబెట్టిన చేపలు ఒక్కసారి ఎగిరి మళ్లీ పడుకున్నాయట.

"నాలుగు రోడ్ల కూడలి గీస్తావా! చుక్క ఉంటే కలిసినట్టు, లేకపోతే దాటినట్టు, అంతేగా నీ లెక్క? రేపు ఆ కాగితం మీద ఈగ కూర్చుని పోతే? ఈగ పెట్టిన చుక్కని నమ్మి మెకానిక్ రెండు వందల ముప్ఫై వోల్టుల్లో వేలు పెడితే? మూడు తీగలకు మించి ఒకచోట కలపకు. నాలుగోది పక్కకి జరిపి ఇంకో చుక్క పెట్టు. అప్పుడు ఎన్ని ఈగలొచ్చినా ఏం పీకలేవు."

"ఇప్పుడు ఈగలెక్కడున్నాయండి, అంతా డిజిటల్..." అని ఇందీవర్ మొదలెట్టేసరికి దుర్గారావు ఎడమ చెయ్యి పైకెత్తి చూపించాడు. చూపుడు వేలు సగమే ఉంది.

"ఆయ్, ఇది ఈగేనండి," అన్నాడు. "తొమ్మిదో పంపు. అది పిన్ని బొమ్మ కాదు లెండి."

ఇందీవర్ చూపు తిప్పుకున్నాడు. మెషిన్ కూడలి విప్పింది. అరవై ఎనిమిది.

ఒంటిగంట దాటింది. ప్రతి భాగానికీ నంబరు, ప్రతి నంబరుకీ విలువ పడ్డాయి. కరెంటు వచ్చే చోటు ఒక గుంపు, నీటిమట్టం చూసేది ఒక గుంపు, మోటారుని లేపేది ఒక గుంపు. మధ్యలో మైదానమంత ఖాళీ. ఏ భాగం ఎందుకుందో పక్కన చిన్న మాట. 'ఇది షార్ట్ అయితే రిలే లాగదు' లాంటివి. ఆవిడ తన బొమ్మల్లో రాసే మాటలే.

రెండున్నరకి మీటర్ అరవై రెండు దగ్గరికొచ్చి కూర్చుంది. కూర్చుని కదలనంది.

మెషిన్ అక్షరాలు పెంచింది. అరవై రెండు. గీతలు సన్నం చేసింది. అరవై రెండు. ఇరవై సెకన్లకో బొమ్మ చొప్పున గీసి చెరిపింది, గీసి చెరిపింది. నూట నలభై రెండో బొమ్మ దగ్గర దాని ఒంట్లోంచి కాలిన ఇంగువ వాసన మొదలైంది.

దుర్గారావు ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేశాడు. "పంపు గదిలోకి నీళ్లొచ్చేశాయంట. రెండో మెట్టు." లేచి నిలబడ్డాడు. "బొమ్మలో ఇంకా ఏం తప్పుంది పిన్నీ?"

"బొమ్మలో తప్పు లేదు. గదిలో ఉంది," అంది ఆవిడ.

ఇద్దరూ ఇందీవర్ వైపు చూశారు.

"నోటితో చెప్పేయండి పోనీ," అన్నాడతను. "బొమ్మ బాగుందంటున్నారుగా."

"మూడు వందల పన్నెండు భాగాలు! నోటితో చెబితే నేను పంపు గదికి వెళ్లేలోపు మూడు వందలూ రాలిపోయి పన్నెండు మిగులుతాయండి," అన్నాడు దుర్గారావు. "ఆ అయిదు తాళం తీసేసి అచ్చు కొట్టండి."

"తాళం తీస్తే నేర్చుకున్నదంతా చెరిగిపోతుంది. మొదటి బొమ్మ దగ్గర్నుంచి మొదలెట్టాలి."

"అయితే మీరు బయటికెళ్లండి సార్."

"నా లాబొరేటరీలోంచి నన్నా?"

"ఆయ్. తమర్నేనండి."

ఇందీవర్ వెళ్లాడు. తలుపుకి ఉన్న గాజుకిటికీకి ముక్కు అంటించి నిలబడ్డాడు. మీటర్ నెమ్మదిగా నలభై ఒకటికి దిగింది. అక్కడ మళ్లీ కూర్చుంది.

"ఇంకా ఏంటి పిన్నీ!" దుర్గారావు సంచీ భుజాన వేసుకున్నాడు. "మా యావిడ పురిటిది, మంచం మీదుంది. నీకు తెలుసుగా. ఆ కోపం కాస్త పక్కన పెట్టలేవా?"

"పక్కన పెట్టే కోపమైతే ఎప్పుడో పెట్టేదాన్నిరా. నేను పెట్టుకున్నది కాదు, అది నన్ను పెట్టుకుంది." ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది. "కింద కుడి మూల చూస్తున్నాను. చూడకూడదనుకుంటున్నాను, చూస్తున్నాను."

దుర్గారావుకి కళ్లజోడు లేదు. కానీ పంపుల బోర్డులో పనిచేసినవాడు. గడిలో ఏముందో ఊహించుకోగలడు. ఈ మొదటి బొమ్మని జాతీయ పురస్కారం కమిటీకి పంపాలని ఇందీవర్ ఆ గడిని ముందే నింపి పెట్టాడు: 'గీసినవారు: డాక్టర్ ఆకొండి ఇందీవర్'.

మెషిన్‌కి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. అది కోపాన్ని తప్ప ఎవరి మాటా వినదు. అన్నీ మార్చి చూసి, మార్చడానికి ఇంకేమీ మిగలక, ఆ గడిలోని అక్షరాల్ని ఒక పిసరు చిన్నవి చేసింది.

ముప్ఫై అయిదు.

మెషిన్ ఒక్క క్షణం ఆగిందట. ఎలక రుచి చూసి ఆగినట్టు. మళ్లీ చిన్నవి చేసింది. ఇరవై ఎనిమిది. ఇంకా చిన్నవి. పందొమ్మిది. 'డాక్టర్' పోయింది. పదిహేను. పేరు ఆవగింజంతైంది, ఇసుక రేణువంతైంది, గడిలోంచి మాయమైంది.

తలుపు ధడాలున తెరుచుకుంది. ఇందీవర్‌కి లోపలి బొమ్మ కనపడదు కానీ, ఏయే మార్పు చేస్తోందో మెషిన్ పక్కన తెర మీద వరసగా పడుతోంది. అది చదివాడు. "ఆపండి! నా పేరు చెరుపుతోంది! ఆ పేరు లేకపోతే ఈ మెషిన్ నాదని రుజువేది?"

"ఈ మాట నేను పన్నెండేళ్ల కిందట అన్నాను," అంది నూకరత్నం గారు, కళ్లజోడు తియ్యకుండానే. "అప్పుడు నువ్వేమన్నావు? 'పేరుదేముందండి, పని ముఖ్యం' అన్నావు. పని జరుగుతోంది నాయనా. నిలబడి చూడు."

ఇందీవర్ చెయ్యి మెయిన్ స్విచ్ మీద పడింది.

దుర్గారావు అడ్డంగా వచ్చాడు. మనిషి సన్నం, కానీ ఆ క్షణాన సముద్రపు గోడకి సగం ఎత్తున్నాడు.

"సార్. మీ చెయ్యి ఆ స్విచ్ మీదుంది. నా చెయ్యి ఈ స్పానర్ మీదుంది," అన్నాడు మర్యాదగా. "నీళ్లు ఈపాటికి నాలుగో మెట్టు మీదుంటాయి. చెయ్యి తియ్యండి."

ఇందీవర్ స్పానర్ వైపు చూశాడు. దాన్ని పట్టుకున్న సగం వేలు వైపు చూశాడు. చెయ్యి తీశాడు.

మీటర్ పదకొండు దగ్గర ఆగింది. పేరు లేని గడి. అది కూడా ఆవిడకి పడలేదు. "గీసినవాడి పేరు లేని బొమ్మేంటి? తప్పుంటే ఎవరి తలుపు కొట్టాలి?" అని సణిగింది.

ఇక్కడ మెషిన్ చేసిన పని ఇందీవర్ జన్మలో ఊహించనిది. పొరల కింద చూడ్డమే దాని పుట్టుక కదా. ఖాళీ గడిలో ఏం పెట్టాలో తెలియక, చిన్నప్పుడు తాగిన పాలని తలచుకుంది. ఆ పదకొండు వందల బొమ్మల్లో, కుడి మూల గడి మీద ఇందీవర్ పేరు ఒక తెల్లటి అతుకు మీద అంటించి ఉంది. అతుకు ఎత్తి కింద చూసింది. సిరా రాత ఉంది. ఇంకో బొమ్మ ఎత్తి చూసింది. అదే రాత. పదకొండు వందలూ ఎత్తి చూసింది. పదకొండు వందల చోట్లా అదే.

తెచ్చి గడిలో పెట్టింది.

నూకరత్నం గారు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం అనేది వినడానికి ఎలా ఉంటుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. దుర్గారావు మీటర్ వైపు చూశాడు. సున్నా.

"పిన్నీ!" అని గావుకేక పెట్టాడు. "పిన్నీ, ఉన్నావా?"

"ఉన్నాన్రా వెధవా. అరవకు. నా రాత చూసుకుంటున్నాను. ఆ 'నూ' కొమ్ము అప్పట్లో బాగా తిప్పేదాన్ని."

పది సెకన్లు. మెషిన్ గడప దాటించింది. కాగితం బయటికొచ్చింది.

దుర్గారావు దాన్ని చొక్కాలో పెట్టుకుని, మెషిన్ కడుపులోంచి దిమ్మని తీసి సంచీలో వేసుకుని పరిగెత్తిన వేగానికి దారిలో రెండు దుకాణాల బోర్డులు తిరగబడ్డాయి. మోకాళ్ల పైదాకా ఉప్పునీళ్లలో నిలబడి కాగితం విప్పాడు. ఎడమ నుంచి వేలు పెట్టి నడిపించాడు. నీటిమట్టం గుంపు బాగుంది. మధ్య చిప్ బాగుంది. కుడివైపు, మోటారుని లేపే రిలే పక్కన డి-9 అనే డయోడ్, దాని పక్కన ఆ మాట: 'ఇది షార్ట్ అయితే రిలే లాగదు'. దిమ్మలో డి-9 ఎక్కడుందో చూసి, అక్కడి జిగురుని డ్రిల్లుతో తొలిచాడు. నల్లగా మాడిపోయి ఉంది. కోసేసి, సంచీలోంచి కొత్తది తీసి అతికించాడు. చదువుతున్నంతసేపూ పిన్ని పక్కన నిలబడి చెవి మెలిపెట్టి చెబుతున్నట్టే ఉందని తరవాత చెప్పాడు.

నాలుగుకి రెండు నిమిషాలుండగా ఏడో పంపు లేచింది. నాలుగూ పదికి సముద్రం వచ్చి, గోడకి తల బాదుకుని, వెనక్కి పోయింది. వలకట్టు వీధిలో ఒక్క చాప తడవలేదు.

తరవాతి సంగతి కూడా చెప్పాలి.

పురస్కారం కమిటీకి ఇందీవర్ ఆ బొమ్మనే పంపాడు, వేరేది లేక. నెలకి జవాబొచ్చింది. 'ఇంత చక్కని బొమ్మ మెషిన్ గీయడం అసంభవం. ఇది చాలా ఏళ్ల అనుభవమున్న ఒక స్త్రీ చేత్తో గీసినది. సంతకం కూడా ఉన్నది. పెట్టెలో మనిషిని కూర్చోబెట్టి మెషిన్ అని చెప్పుట తగదు.' పన్నెండేళ్లలో ఇందీవర్‌కి గడి గురించి ఎవరైనా రాసిన మొదటి ఉత్తరం అదే.

కమిటీ కాదన్నా బజారు ఊరుకోలేదు. వలకట్టు వీధి కథ విని లోచూపులు ఎగబడి కొన్నారు. ఆ ఒక్క రోజు నేర్చుకున్న చదువే అన్నిట్లోకీ ఎక్కింది. గడిలో పేరు మార్చాలని ఇందీవర్ ఏడాది కుస్తీ పట్టాడు. ఆవిడ కోపం ఇప్పుడు మెషిన్ లోపలే ఉంది. వేరే పేరు పెట్టగానే లోపలి లెక్క నలభై ఒకటికి ఎగిరిపోతుంది, అచ్చు పడదు. బలవంతం చేస్తే ఇంగువ వాసన వేస్తుంది.

అలా ప్రపంచంలో ఏ మూల, ఏ మిక్సీ బొమ్మ గీసినా, ఏ లిఫ్టు బొమ్మ గీసినా, ఏ రాకెట్ బొమ్మ గీసినా కింద కుడి మూల గడిలో ఒకటే పేరు పడుతోంది. 'గీసినవారు: క. నూకరత్నం.' తెలుగులో, సిరా రాతలో, కొమ్ము తిప్పి.

గీసినవారి పేరు ఎందుకుంటుంది? తప్పు దొరికితే తలుపు కొట్టడానికి. కొట్టడం మొదలెట్టారు. ఒంగోలు నుంచి గ్రైండర్ కాలినవాడు, బర్మా నుంచి ఫ్యాన్ తిరగనివాడు, లిఫ్టులో మూడు గంటలు ఇరుక్కున్న జడ్జిగారు, అందరూ ఎలాగోలా నంబరు సంపాదించి ఆవిడకే ఫోన్. రోజుకి నాలుగు వందలు, కాస్త తగ్గించి చెబితే. వచ్చీరాని తెలుగులో తిడతారు, వచ్చిన భాషల్లో తిడతారు. చచ్చిన సర్క్యూట్లన్నిటికీ ఆవిడే ముద్దాయి.

ఒక మధ్యాహ్నం దుర్గారావు పెళ్లాన్నీ నడక నేర్చిన బిడ్డనీ వెంటబెట్టుకుని చూడ్డానికొచ్చాడు. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పాత పట్టీ నుదుటికి అలాగే ఉంది. తలనొప్పికి బాగుంటుందని తిరిగి ఇవ్వలేదట. దానితోపాటే తెచ్చేసుకున్న మీటర్ గుంజకి వేలాడుతోంది.

ఫోన్ మోగింది. అవతల ఎవడో ఇన్వర్టర్ పేలినవాడు. "నీ చేతులు పడిపోనూ, ఏం గీశావే ముసలిదానా!" అన్నది దుర్గారావుకి కూడా వినబడింది. మీటర్ డెబ్భైకి పోయింది.

"పిన్నీ, ఈ మాటలు పడటానికా ఆ గడి?" అన్నాడు దుర్గారావు. "నంబరు మార్చెయ్."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆగమంది. ఫోన్ దగ్గరికి తీసుకుంది.

"బాబూ, బొమ్మ చూశావా? అర్థమైందా? ఏది పేలిందో బొమ్మ చూసే తెలుసుకున్నావా? చూశావా మరి. బొమ్మలో తప్పు లేదు. మెషిన్ చేసినవాడొకడున్నాడు. వాణ్ణి అడుగు. పేరు రాసుకో. పెన్నుందా? తెచ్చుకో, నేనుంటాను."

ఆవిడ ఓపిగ్గా ఆగింది.

"ఆకొండి ఇందీవర్. ఆఁ, డాక్టరే. మరిచిపోకుండా డాక్టర్ అని కూడా రాయి, పాపం పేరంటే ప్రాణం ఆయనకి. ఇప్పుడు ఫోన్ నంబరు చెబుతాను..."

అంకెలు ఒక్కొక్కటే, రెండేసిసార్లు చెప్పింది. గుంజకి వేలాడుతున్న మీటర్ మీద ముల్లు మెల్లగా దిగి, సున్నా మీద పడుకుంది.